శాలువా కింద చేతులు

కెటూరాకి కృతజ్ఞతలు చెప్పడం కన్నా తడిసిన కోడిని గోనెసంచిలో కూరడం తేలిక. మొదటి మాట పెదవి దాటకముందే ఆవిడ పసిగట్టేస్తుంది. "నువ్వు మాకు చేసిన మేలు..." అని ఎవరైనా మొదలుపెట్టారో, "తిన్నావా?" అని అడుగుతుంది. తిన్నానంటే చీపురు చేతికిస్తుంది. తినలేదంటే ముందు తిండి పెట్టి, తర్వాత చీపురిస్తుంది. మా ఇండియానా మొత్తానికి ఆవిడ వాకిలే శుభ్రమైన వాకిలి అని పేరు. మేలు పొందినవాళ్ళు అంతమంది ఉన్నారు మరి.

నా పేరు హల్డా. కెటూరా మా అన్న భార్య. వరసకి నాకు వదిన, కాని క్వేకర్లనే మా క్రైస్తవ శాఖలో వరసలూ బిరుదులూ పెట్టి పిలుచుకోవడం లేదు. గవర్నరొచ్చి గుమ్మంలో నిలబడ్డా పేరు పెట్టి నువ్వనే అంటాం, మా మగవాళ్ళు టోపీ తియ్యరు. దేవుడి ముందు అందరూ సమానం అని మా సిద్ధాంతం. ఈ సమానం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఉత్తర దక్షిణ రాష్ట్రాల యుద్ధానికి ముందు, బానిసలు కెంటకీ నుంచి ఒహాయో నది దాటి పారిపోయి వచ్చే రోజుల్లో, వాళ్ళకి కెటూరా ఇల్లొక మజిలీ. అటక మీద దాచింది, మొక్కజొన్న గాదెలో దాచింది, ఒకసారి నాకు చెప్పకుండా నా మంచం కింద ఇద్దర్ని దాచింది. ఎంతమందిని దాటించావని అడిగితే, "ఏమో, పులుసు మాత్రం ఏ పూటా సరిపోయేది కాదు" అంటుంది. పట్టుబడితే జైలు, జరిమానా. ఊళ్ళో సగంమంది ఆవిడ కంచె మీద బురద కొట్టారు. ఇప్పుడు యుద్ధం అయిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి, ఆ బురద కొట్టినవాళ్ళందరూ తామూ తలొక బానిసని దాచామని చెప్పుకుంటున్నారు. వాళ్ళు చెప్పేది నిజమే అయితే కెంటకీలో ఒక్కడూ మిగలకూడదు.

ఆ దాటినవాళ్ళలో వైనీ ఒకతె. కెనడా చేరింది, అక్కడ కూతుర్ని కంది, యుద్ధం ముగిశాక కూతురితో తిరిగొచ్చి మా వాగవతల నల్లవాళ్ళ ఊళ్ళో ఇల్లు కట్టుకుంది. ఏటా ఆకురాలు కాలంలో ఆపిల్ పళ్ళు కూరిన పై రొట్టె కాల్చుకుని కెటూరా ఇంటికొచ్చేది. ఏటా ఒకటే తంతు. "కెటూరా, ఇవాళన్నా నా మాట విను..." "తిన్నావా వైనీ?" ఆ తర్వాత చీపురు. వైనీ ఊడ్చి వెళ్ళిపోయేది. పోయిన చలికాలం రొమ్ము పట్టేసి పోయింది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే పోయింది. నాకు కెటూరా మీద ఎప్పుడూ రానంత కోపం వచ్చింది ఆ రోజు.

వైనీ కూతురు సెరీనా. టోపీలు కుట్టడం ఆమె వృత్తి. మా ఆడవాళ్ళు గడ్డం కింద నాడా కట్టుకునే లోతైన బూడిదరంగు టోపీలన్నీ ఆమె చేతివే. ఓ రోజు నేను పెరట్లో గంగాళం పెట్టి ఆపిల్ గుజ్జు ఉడికిస్తుంటే వచ్చి, అడక్కుండానే నా చేతిలో తెడ్డు తీసుకుని కలపడం మొదలుపెట్టింది.

"హార్లన్ పెల్ వచ్చి వెళ్ళాడట కదా, విగ్రహం పెడతానని" అంది.

"వచ్చాడమ్మా. బ్యాండు మేళం ఒక్కటే తక్కువ."

ఈ హార్లన్ పెల్ ఇప్పుడు జిల్లాలో పెద్దమనిషి. అప్పట్లో కుర్ర కానిస్టేబులు. బానిసల్ని వేటాడేవాళ్ళకి దారి చూపించడం అతని పని. ఇప్పుడు ఎన్నికలొస్తున్నాయి. కోర్టు ముందు కెటూరా రాతి విగ్రహం పెట్టి, దాని పక్కన నిలబడి తాను ఉపన్యాసం ఇస్తాడట.

"మీ త్యాగం భావితరాలకి తెలియాలండీ, మీరు ఒప్పుకోవాలి" అన్నాడు, టోపీ తీసి గుండెకి ఆనించుకుని.

"మీరంటే ఎవరెవరు? నేనొక్కదాన్నేగా ఉన్నాను" అంది కెటూరా. "టోపీ పెట్టుకో హార్లన్, బట్టతలకి జలుబు చేస్తుంది. నన్ను రాయి చెయ్యడానికి నీకెందుకంత తొందర? ఇంకా నడుస్తూనే ఉన్నా కదా. నిజానికి ఆ రోజు వైనీ బతికింది నీ గురక వల్ల. విగ్రహం పెట్టాలంటే నీ ముక్కుకి పెట్టు."

"అది నేను కావాలని నిద్రపోయానండీ!" అన్నాడు హార్లన్. మొహం కూడా ఎర్రబడలేదు.

ఇదంతా చెబితే సెరీనా నవ్వి, తెడ్డు ఆపేసింది.

"ఆ గురక రోజు సంగతి చెప్పు హల్డా. అమ్మ చెప్పింది గాని, నువ్వు పక్కనే ఉన్నావు కదా."

చెప్పాను. మౌనసభ అంటే ఏమిటో తెలిస్తేనే అది అర్థమవుతుంది. మా మందిరంలో పాదిరీ ఉండడు, పాట ఉండదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క నోరు మూసుకుని కూర్చుంటాం. ఎవరికైనా లోపలినుంచి మాట పుడితే లేచి చెబుతారు. వాళ్ళు చెబుతుంటే మధ్యలో అడ్డుపడకూడదు. సభ ముగిసేది గంట కొట్టి కాదు. అందరికీ ఎదురుగా ఉండే పెద్దల బల్ల మీద కెటూరా కూర్చుంటుంది. ఆవిడ పక్కన నేను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపితే సభ అయిపోయినట్టు. ఊపకపోతే అవలేదు. కప్పుకి నిప్పంటుకున్నా ముందు చేతులు కలపాల్సిందే అని మా అన్న వేళాకోళమాడేవాడు.

ఆ రోజు మొదటిరోజు, అంటే మిగతా లోకానికి ఆదివారం. వైనీ కడుపుతో ఉంది. వెనక వేటగాళ్ళు వాగు దాకా వచ్చేశారు. దాచడానికి వేళ లేదు. కెటూరా తన బూడిదరంగు గౌను ఆమెకి తొడిగి, చేతులకి తొడుగులు వేసి, పెద్ద టోపీ పెట్టి, వైనీని తీసుకొచ్చి ఏకంగా పెద్దల బల్ల మీద తన కుడిపక్కన కూర్చోబెట్టింది. ఆ టోపీ పెడితే బావిలోకి తొంగిచూసినట్టు చూస్తే గాని మొహం కనిపించదు. వేటగాళ్ళిద్దరూ, హార్లనూ లోపలికొచ్చారు. కెటూరా వాళ్ళకి ఖాళీ బల్ల చూపించింది. సభ అయిపోయాక ఆడవాళ్ళు బయటికెళ్ళేటప్పుడు ఒక్కో టోపీ ఎత్తి చూద్దామనుకుని వాళ్ళు కూర్చున్నారు.

కెటూరా చేతులు రెండూ శాలువా కిందికి దోపేసుకుంది.

భోజనాల వేళ దాటింది. మాకు అలవాటే. వాళ్ళకి లేదు. ముందు దగ్గులు, తర్వాత బూట్ల చప్పుడు, ఆ తర్వాత కడుపుల్లో గోల. బయట పాలు పితకని ఆవులు అరుస్తున్నాయి. ఎవరూ కదల్లేదు. పొద్దు వాలేసరికి మొదట హార్లన్ తల వాల్చాడు. గురక అంటే మామూలు గురక కాదు, దూలాలు అదిరాయి. ఆ జోలపాటకి మిగతా ఇద్దరూ ఒరిగిపోయారు. వైనీ ఆడవాళ్ళ గుమ్మంలోంచి నెమ్మదిగా వెళ్ళి, కాచుకుని ఉన్న బండెక్కింది. బండి చప్పుడు దూరమయ్యాక కెటూరా నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా ఊపిందంటే నా భుజం వారంపాటు నొప్పెట్టింది. ఆవిడ ఒక్క అబద్ధమూ ఆడలేదు. అసలు నోరే విప్పలేదు.

"నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. అంటే నేనూ పెద్దల బల్ల మీద కూర్చున్నట్టే లెక్క" అంది సెరీనా.

"అంతేగా మరి."

"హల్డా, అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. ఆవిడ పారిపోకుండా, చీపురివ్వకుండా, కూర్చుని వినేలా చెప్పమంది. ఇంట్లో చెప్పలేను. దారిలో చెప్పలేను. మౌనసభలో అయితే ఆవిడ అడ్డుపడలేదు కదా?"

"అడ్డుపడదు. చెయ్యి కలిపి సభ ముగించేస్తుంది. ఆవిణ్ణి తక్కువ అంచనా వెయ్యకు."

"ఎవరితో కలుపుతుంది?"

నాతో. నేను తెడ్డు కోసం చెయ్యి చాపాను. సెరీనా ఇవ్వలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"అక్టోబరు కదా, మందిరంలో చలిగా ఉంటుంది" అంది. "నీ శాలువా పెద్దదేనా?"

"గంగాళం మాడుతోంది, కలుపు" అన్నాను. అయినా నాకు నవ్వాగలేదు. "పెద్దదేలే."

"అమ్మ చెప్పమన్నవి రెండు మాటలు. ఒకటి నీకు తెలుసు. రెండోది అక్కడే విను."

ఆ మొదటిరోజు వాగవతలి వాళ్ళు మామూలు కన్నా ఎక్కువమంది వచ్చారు. వచ్చి, ఎప్పటిలాగే, వెనక గోడకి ఆనించి ఉన్న బల్ల మీద కూర్చున్నారు. కెటూరా అనుమానంగా చూసింది. ఎనభై దాటినా ఆవిడ కళ్ళు గద్ద కళ్ళే. నేను మాత్రం పైకప్పు దూలాలు చూస్తూ భక్తిగా కూర్చున్నాను.

కాసేపటికి సెరీనా లేచింది. కెటూరాని ఎప్పుడూ మీరు అని పిలిచి తిట్లు తినే మనిషి, ఆ రోజు నిలబడి సూటిగా అంది:

"కెటూరా, ఇది మా అమ్మ వైనీ నీకు చెప్పమన్న మాట."

మాట పూర్తి కాకుండానే కెటూరా చెయ్యి నా వైపుకి వచ్చేసింది. నా చేతులు శాలువా కింద ఉన్నాయి. చెయ్యి అక్కడే గాల్లో ఆగిపోయింది. ఆవిడ టోపీ మెల్లగా నా వైపు తిరిగింది. నేను తిరగలేదు. మోచేత్తో పొడిచింది. ఓర్చుకున్నాను. కాలు తొక్కింది. ఆవిడ బూటు మడమకి మేకులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. మాట్లాడ్డానికి లేదు, లేచి వెళ్ళడానికి లేదు. ఎదురుగా మగవాళ్ళ వైపు మా సభ కార్యదర్శి ఈనస్ గడ్డం వణుకుతోంది. నవ్వాపుకుంటున్నాడు ముసలాయన.

"ఆ రోజు నువ్వు శాలువాలోంచి చేతులు తియ్యలేదు" అంది సెరీనా. "అందుకే నేను పుట్టినప్పుడు నన్ను ఇది ఫలానా దొర సొత్తు అని ఎవరూ అనలేదు. మా అమ్మ ఒళ్ళోంచి నన్నెవరూ లాక్కుపోలేదు. నేను ఏడిస్తే అమ్మ పాలిచ్చింది, ఇంకెవరి బిడ్డకో ఇవ్వడానికి పరిగెత్తలేదు. ప్రతి ఏడూ ఈ మాట చెబుదామని అమ్మ పై రొట్టె చేసుకుని వచ్చేది. నువ్వు చీపురిచ్చేదానివి. నీ వాకిలి ఊడుస్తూ అమ్మ ఏడ్చేది, నీకు తెలుసా? చెప్పనిస్తే నీ సొమ్మేం పోయేది? మాకు మంచి చేసే హక్కు నీకుంటే, అది మంచి అని నీ మొహం మీద చెప్పే హక్కు మాకూ ఉంది. కాబట్టి విను. మేం బతికి ఉన్నది నీ వల్ల. మా అమ్మ నిన్ను ప్రేమించింది. నేనూ ప్రేమిస్తున్నాను. అదీ మొదటి మాట."

కెటూరా చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది. టోపీ లోపల ఆవిడ మొహం ఎవరికీ కనిపించలేదు, పక్కనున్న నాకు తప్ప. గడ్డం కింద నాడా తడిసింది. నాకు పరమానందంగా ఉంది. పని జరిగిపోయింది, హాయిగా ఇంటికెళ్ళి కోడికూర తినొచ్చు అనుకున్నాను.

సెరీనా కూర్చోలేదు.

"రెండో మాట. దాక్కున్న రోజు మా అమ్మ ఆ పెద్దల బల్ల మీద, నీ పక్కన కూర్చుంది. స్వతంత్రురాలై తిరిగొచ్చాక ఇదిగో, ఈ వెనక బల్ల మీద కూర్చుంది. రావద్దని ఎవరూ అనలేదు. గుమ్మంలో ఎవరో ఒకరు ఇటువైపు చెయ్యి చూపించేవారు, అంతే. ఈ బల్లకి ఒక కాలు పొట్టి. కాస్త కదిలితే కిర్రుమంటుంది. మీ మౌనం చెడిపోతుందేమోనని అమ్మ ఇన్నేళ్ళూ ఆ కాలి కింద తన బూటు దూర్చి, మెదలకుండా కూర్చుంది. సభ అయ్యాక కుంటుకుంటూ ఇంటికొచ్చేది. అమ్మ బొమ్మలా కూర్చుంటుందని మీరు మెచ్చుకునేవారు కూడా. ఈ రెండు మాటలూ కలిపే చెప్పమంది అమ్మ. మొదటిది చెప్పి రెండోది మింగెయ్యొద్దంది."

ఆమె కూర్చుంది. బల్ల కిర్రుమంది. ఆ చప్పుడు మందిరం ఈ మూల నుంచి ఆ మూల దాకా వినిపించింది.

దేవుడి ముందు అందరూ సమానం అని నా చిన్నప్పటినుంచి వింటున్నాను, అంటున్నాను. వైనీ పోయాక ఆ బల్ల కిర్రుమనడం కూడా వింటూనే ఉన్నాను. అది ఎలుకలనుకున్నాను కాబోలు. ఇక ఒక్క క్షణం కూడా అక్కడ కూర్చోలేననిపించి, చెయ్యి గభాల్న శాలువాలోంచి తీసి కెటూరా వైపు చాపాను. కలిపేస్తే లేచిపోవచ్చు.

కెటూరా నా చెయ్యి వైపు చూసింది. తర్వాత తన రెండు చేతులూ శాలువా కిందికి దోపేసుకుంది.

భోజనాల వేళ దాటింది. ఈనస్ దగ్గాడు. బూట్లు కదిలాయి. కడుపులు గోల పెట్టాయి, ఈసారి మావే. బయట ఆవులు అరిచాయి. ఎవరమూ లేవలేకపోయాం. వెనక బల్ల వాళ్ళు మాత్రం నిశ్చింతగా కూర్చున్నారు, ఎలా కదిలితే అలా కిర్రుమనిపిస్తూ. కిటికీలోంచి ఎండ పల్చబడ్డాక గాని కెటూరా చెయ్యి బయటికి రాలేదు. నా చెయ్యి ఒక్కసారి ఊపి, కర్ర తాటించుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

వారమంతా నాతో మాట్లాడలేదు. తర్వాతి మొదటిరోజు తెల్లవారుతుండగా నా గుమ్మం ముందు బండి ఆగింది. బండిలో కెటూరా, ఇద్దరు పట్టి లాగే పెద్ద రంపం.

"హల్డా, చేతులు శాలువాలోంచి తియ్యి. పనుంది."

మందిరంలో ఆ బల్లని కోశాం. ఇద్దరు ముసలమ్మలం, ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం. నేను అలిసిపోయి ఆగితే, "పోయిన వారం బాగానే బిగించావుగా, ఇప్పుడు లాగు" అంటుంది. గట్టి ఓకు చెక్క, తెగి చస్తేనా! చివరికి పొట్టికాలు విడిపోయి దొర్లింది. కెటూరా దాన్ని చేతిలోకి తీసుకుని, అరిగి నునుపుదేరిన కింది అంచుని బొటనవేలితో చాలాసేపు రుద్దుతూ నిలబడింది.

ఈనస్ వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"కెటూరా! ఇలాంటివి సభలో పెట్టి, అందరి మనసులూ ఒక దారికొచ్చాక కదా చెయ్యాల్సింది?"

"పెట్టు ఈనస్. తీరిగ్గా చర్చించు. ఈలోపల ఆ ముక్కొకటి పొయ్యిలో వెయ్యి, చలిగా ఉంది."

ఈనస్ కాసేపు గడ్డం నిమురుకుని, ఒక ముక్క తీసి పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత ఇంకొకటి కూడా వేశాడు.

వాగవతలి వాళ్ళు వచ్చారు. కూర్చోబోయి, వెనక గోడ ఖాళీగా ఉండడం చూసి ఆగిపోయారు. మా వాళ్ళు ఒక్కొక్కరే జరిగి చోటిచ్చారు. కొందరు ఇష్టంగానే జరిగారు, కొందరు జరిగినంత మేర మూతి కూడా తిప్పారు, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. సెరీనా మాత్రం నిలబడే ఉంది.

కెటూరా పెద్దల బల్ల మీద తన కుడిపక్క తట్టింది. "ఇటు రా. ఇది మీ అమ్మ చోటు. నువ్వు ఇదివరకు కూర్చున్నదే."

సెరీనా దగ్గరికొచ్చింది. కళ్ళలో నీళ్ళు. "కెటూరా, నువ్వు..."

"తిన్నావా?"

"తిన్నాను."

కెటూరా చెయ్యి దానంతటదే బల్ల వెనక్కి వెళ్ళి చీపురు తీసింది. "నేలంతా రంపంపొట్టు. కాస్త..."

సెరీనా చీపురు అందుకుంది. దాని వైపు ఒకసారి చూసింది. మళ్ళీ కెటూరా చేతిలోనే పెట్టి, తన చోట్లో కూర్చుని, గౌను కుచ్చిళ్ళు సర్దుకుంది.

"కోసింది నువ్వు కదా" అంది. "నువ్వే ఊడ్చు."

ఇంతమందికి చీపురిచ్చిన మనిషి, కెటూరా, కర్ర నా చేతికిచ్చి, నడుం వంచి, వెనక గోడ దాకా వెళ్ళి ఊడవడం మొదలుపెట్టింది. మూలల్లో కూడా వదల్లేదు.

చేట పట్టుకుని ఆవిడ వెనకాల తిరిగింది నేనే.